బిళ్ళ మీది అక్షరము

రాజుల చరిత్రను తెలిసికొనుటకు శిలాశాసనములు కలవు. మన పావగడ తాలూకాలోని నిడుగల్లు దుర్గము నేలిన చోళవంశీయుల వృత్తాంతము రాళ్ళమీది వ్రాతవలననే మనకు దక్కినది. అధికారుల చరిత్రకు కచేరీ దస్తరములు కలవు. కాని కచేరీ గుమ్మము నొద్ద నిలిచిన బంట్రోతునకు, స్టేషనులో మూటలు మోసిన కూలివానికి, బస్సులో టిక్కెట్టు చింపి యిచ్చిన కండక్టరునకు, పరదేశమున యుద్ధము చేసిన సిపాయికి ఏ శాసనమున్నది? వారిని గూర్చి ప్రభుత్వము వ్రాసిన వ్రాత మన చేతికి దొరకవలెనన్న, తరచుగా అది అరచేతిలో ఇమిడెడి యొక ఇత్తడి బిళ్ళ మీదనే దొరకును. ఆ బిళ్ళలను గూర్చియు, వానికి తోబుట్టువులనదగిన స్టేషను పలకలను గూర్చియు నాకు తెలిసిన సంగతులను పాఠక మహాశయులకు మనవి చేసికొందును.

మొదట మాటలనే చూతము. మన పెద్దలు కచేరీ సేవకుని ‘బిళ్ళబంట్రోతు’ అనిరి. భుజము మీదుగా వ్రేలాడు పట్టీని ‘డవాలీ’ అనిరి. కనుక అతడే ‘డవాలీ బంట్రోతు’ కూడ. ఉత్తరదేశమున ‘చప్రాస్’ అనగా ఈ ఇత్తడి బిళ్ళయే. దానిని ధరించినవాడు చప్రాసీ. బొంబాయి ప్రాంతమున పట్టీని బట్టి ‘పట్టేవాలా’ అనిరి. మద్రాసు రాజధానిలో వాడుకయైన ‘ప్యూను’ అను మాట పోర్చుగీసు భాషనుండి వచ్చినది; ఆ భాషలో దానికి కాలిబంటు అని యర్థము. కన్నడమున ‘బిల్లె’ యనునది మన ‘బిళ్ళ’కు సోదరపదమే. ఇన్ని భాషలలో మనిషికి అతని బిళ్ళను బట్టియో పట్టీని బట్టియో పేరు వచ్చినదన్న, దాని గౌరవమెంతటిదో ఊహింపవచ్చును. బంట్రోతు పొలిమేర దాటి పరగ్రామమునకు సమను తీసికొనిపోవునపుడు అతని ముఖము నెవ్వరు నెరుగరు; బిళ్ళ నెరుగుదురు. ఆ లోహఖండమే అతని చేతి అధికారపత్రము.

మన తాలూకావారికి ఈ బిళ్ళల విషయమున ఒక విశేషము కలదు. పటమును విప్పి చూచినచో పావగడ తాలూకా చాలవరకు ఆంధ్రదేశముచే చుట్టబడి కనిపించును. ఉత్తరమున కల్యాణదుర్గము, తూర్పున పెనుకొండ, దక్షిణమున మడకశిర. ఈ హద్దు భాషను బట్టి ఏర్పడినది కాదు. 1799లో శ్రీరంగపట్టణము పడిపోయిన పిమ్మట పావగడ మైసూరు సంస్థానమునకు చెందెను. పెనుకొండ ప్రాంతము నిజాముకు పోయి, 1800లో దత్తమండలములతోపాటు కంపెనీవారి వశమయ్యెను. అన్నదమ్ముల భూములు, వియ్యపువారి యిండ్లు హద్దుకు ఆవలను ఈవలను పడినవి. ఇరువైపుల ఇండ్లలోను తెలుగే. కాని ఈవల బంట్రోతు రొమ్ముమీద మైసూరువారి గండభేరుండము, ఆవల బంట్రోతు రొమ్ముమీద ఆంగ్లప్రభుత్వపు ముద్ర. సంతకు పోయిన రైతు ఒక్క దినములోనే రెండు ప్రభుత్వముల బిళ్ళలకు నమస్కరించి యింటికి వచ్చెడివాడు.

గండభేరుండమన్న మనకు పరాయిది కాదు. రెండు తలల ఈ మహాపక్షి శిల్పము బళ్ళిగావెలో పదునొకండవ శతాబ్దపు స్తంభముపై నున్నది. విజయనగర ప్రభువైన అచ్యుతదేవరాయలు (1529-1542) దీనిని తన బంగారు నాణెములపై వేయించెను. 1565 తరువాత పెనుకొండయే విజయనగరమునకు రాజధాని యయ్యెను గదా! ఆ సామ్రాజ్యము క్షీణించిన పిమ్మట మైసూరు ఒడెయరులు ఈ పక్షినే తమ రాజచిహ్నముగా గ్రహించిరి. నేటి కర్ణాటక రాజ్యముద్రలోను అదియే కలదు. కావున మన తాత లెవ్వరైన గండభేరుండపు బిళ్ళ ధరించి యుండినచో వారు అన్యచిహ్నమును మోసినట్లు కాదు. పెనుకొండలో ఒకప్పుడు చెల్లిన నాణెముపై నున్న పక్షియే మైసూరు మీదుగా తిరిగి వచ్చి వారి రొమ్ముపై వ్రాలినది.

ఇక రైలు సంగతి. పందొమ్మిదవ శతాబ్దపు చివరి దశకమున బెంగుళూరునుండి హిందూపురము మీదుగా గుంతకల్లునకు మీటరు గేజి మార్గము ఏర్పడినది. అది పావగడను తాకలేదు. నూరేండ్లకు పైగా మనవారు హిందూపురమునకో పెనుకొండకో పోయి రైలెక్కిరి. అందుచేత మన తాలూకాలో అనేకులు మొదట చూచిన రైలు పలక తెలుగక్షరములది. ఆ మార్గమును మొదట నడిపినది సదరన్ మహరాటా కంపెనీ. 1908లో అది మద్రాసు రైల్వేతో కలిసి ‘మద్రాసు అండ్ సదరన్ మహరాటా’ అయినది. 1951 ఏప్రిల్ 14న ఆ కంపెనీ మార్గములును, సౌత్ ఇండియన్ రైల్వేయును, మైసూరు స్టేటు రైల్వేయును కలిసి దక్షిణ రైల్వే యేర్పడినది. నేడు హిందూపురము నైరుతి రైల్వేలో నున్నది. స్టేషను కదలలేదు, ఊరు కదలలేదు. కూలివాని మోచేతి బిళ్ళపైని, సిబ్బంది బొత్తాములపైని అక్షరములు మాత్రము మారుచు వచ్చినవి. బిళ్ళ దొరికినచో దానిపైని పొడి అక్షరములను బట్టియే అది ఏ కాలపుదో చెప్పుటకు వీలగును. కూలివాడు వృద్ధుడైనపుడు ఆ బిళ్ళ కుమారునకు మార్చుట కూడ కలదు. భూమి లేని యింటిలో తండ్రినుండి కొడుకునకు వచ్చిన ఆస్తి ఆ యంకె గల ఇత్తడిముక్కయే.

పాత స్టేషను పలకలలో రెండు విధములు కలవు. ఒకటి, అక్షరములు ఉబ్బెత్తుగా నుండు పోత యినుప పలక. రెండవది ఎనామిలు పలక. ఇనుపరేకుపై గాజుపొడి పూసి సుమారు 800 డిగ్రీల వేడిమిలో కాల్చినచో ఆ పొడి కరిగి రేకునకు అంటుకొని నునుపైన పొర యగును. ఎండకు వన్నె తగ్గదు, వానకు తుప్పు పట్టదు. రాతిదెబ్బ తగిలి పొర పెచ్చులూడినచోటనే తుప్పు మొదలగును. రంగు వేసిన పలక కొలది యేండ్లలో వెలిసిపోవును. ఎనామిలు పలక మనిషి జీవితకాలమును మించి నిలుచును. మన దేశమున స్టేషను పేరుగల పలకపై ఆ స్థలము సముద్రమట్టమునకు ఎంత ఎత్తున నున్నదో కూడ వ్రాయుట ఆచారము. ఊరి పేరును, ఎత్తును, లిపియును ఒకే చోట చెప్పెడి శాసనమిది.

మైసూరులో 1979లో స్థాపింపబడిన రైల్వే మ్యూజియమును మనవారు తప్పక చూడవలెను. మహారాణివారు ప్రయాణము చేసిన 1899 నాటి సెలూను బండి అక్కడ కలదు. పాత ఇంజనులు, సిగ్నలు సామగ్రి కలవు. అందరి దృష్టియు ముందుగా మహారాణివారి బండిపై పడును. అది సహజమే. కాని ఆ బండిని నడిపిన డ్రైవరు, జెండా యూపిన గార్డు, పెట్టెలు మోసిన కూలివాడు కూడ ఆ చరిత్రలోని వారే యని పిల్లలకు చూపి చెప్పుట మన విధి.

పలకపై పేర్లు మారుటయు చరిత్రయే. 1973 నవంబరు 1న మైసూరు రాజ్యము కర్ణాటకమైనది. 2014 నవంబరు 1న టుమ్‌కూరు తుమకూరు అయినది. బెంగళూరు, మైసూరు మొదలగు పండ్రెండు నగరముల ఆంగ్లవ్రాత ఆ దినముననే మారినది. ఇక 2007-08లో మంజూరైన రాయదుర్గము-తుమకూరు మార్గము మన పావగడ మీదుగానే పోవును. కర్ణాటకమున స్టేషను పలకలపై కన్నడము, హిందీ, ఆంగ్లము ఉండును. కన్నడమున వ్రాసిన ‘పావగడ’ను చదువుటకు మన పిల్లలకు కష్టమేమి? ఈ రెండు లిపులును ఒక తల్లి కడుపున పుట్టినవే గదా!

బస్సుల విషయము క్లుప్తముగా చెప్పెదను. తెలుగుదేశమున నిజాము రైల్వేవారు 1932లో 27 బస్సులతో రోడ్డు రవాణా శాఖను ప్రారంభించిరి. మైసూరు ప్రభుత్వము 1948 సెప్టెంబరు 12న 120 బస్సులతో తన రవాణా శాఖను ప్రారంభించెను. అది 1961 ఆగష్టు 1న కార్పొరేషనుగా మారెను. ఆంధ్రప్రదేశ్ కార్పొరేషను అంతకు ముందే, 1958 జనవరి 11న, ఏర్పడియుండెను. కండక్టరు బిళ్ళపై అతని పేరుండదు, అంకె యుండును. ప్రయాణికుడు ఫిర్యాదు చేయదలచినను, మెచ్చుకొనదలచినను ఆ యంకెయే ఆధారము. హద్దు దాటెడి బస్సులో కండక్టరు ఏ రాష్ట్రపు బిళ్ళ ధరించినను, పావగడ దాటులోపల రెండు భాషలలోను చిల్లర లెక్క చెప్పవలసినదే.

సైనికుల బిళ్ళలకు వచ్చినచో కథ ఇంకను దూరము పోవును. 1756 చివర క్లైవు మద్రాసునుండి బెంగాలునకు ఓడలపై పోయినపుడు సుమారు 1500 మంది సిపాయిలను వెంట తీసికొనిపోయెను. ఉత్తరదేశమువారు ఈ దక్షిణాది సిపాయిలను ‘తిలంగా’లనిరి. 1780ల నాటి పారసీక చరిత్రగ్రంథమైన ‘సియరుల్ ముతాఖరీను’లో ఆ పేరు కలదు, 1857లో ఢిల్లీవారు ఉత్తరాది సిపాయిలను సైతము తిలంగాలనియే పిలిచిరి. ఆ తొలి సిపాయిలలో తెలుగువారే కాక తమిళులు, ముసల్మానులు కూడ నుండిరి. అయినను మన దేశపు పేరు సిపాయికి పర్యాయపదమయ్యెను. 1803 సెప్టెంబరు 23న అస్సాయి యుద్ధమున పోరాడిన మద్రాసు పటాలములకు ఏనుగు చిహ్నము బహుమానముగా లభించెను. నేటి మద్రాసు రెజిమెంటు బిళ్ళపై ఆ యేనుగు నిలిచియున్నది. 1780లో పుట్టిన మద్రాసు శాపర్లకు బెంగుళూరులో సొంత మ్యూజియము కలదు. ఆ దళములో తెలుగువారు తరతరములుగా చేరిరి.

సరిగా 115 యేండ్లకు, 1918లో అదే సెప్టెంబరు 23న, మైసూరు లాన్సర్లు, జోధపూరు లాన్సర్లు కలిసి పాలస్తీనాలోని హైఫా పట్టణమును పట్టుకొనిరి. ఎదుట మరతుపాకులు, ఫిరంగులు. వీరి చేత ఈటెలు, కత్తులు. మైసూరు గుఱ్ఱపుదళమొకటి కార్మెలు కొండ నెక్కి అచ్చటి ఫిరంగుల నోరు మూయించెను. ఢిల్లీలోని తీన్ మూర్తి శిల్పములు జోధపూరు, హైదరాబాదు, మైసూరు దళములకు గుర్తు. 2018లో ఆ కూడలికి హైఫా పేరు చేర్చిరి. 1953లో సంస్థానముల అశ్వదళములను కలిపి నేటి 61వ కావల్రీ నేర్పరచిరి.

స్వాతంత్ర్యానంతరము, 1950 జనవరి 26 తరువాత, బిళ్ళలమీది కిరీటము పోయి అశోకుని సింహములు వచ్చినవి. అది మనకు గర్వకారణము. కాని మార్పు వచ్చినప్పుడెల్ల పాత బిళ్ళలు కొలిమికి పోవుచు వచ్చినవి. ముప్పది యేండ్లకు పైగా గుమాస్తాగా పని చేసిన అనుభవముచే చెప్పుచున్నాను: కచేరీలో పాత సామాను వేలము వేయునపుడు జాబితాలో ‘పాత ఇత్తడి’ అని ఒకే పంక్తి యుండును, దాని ప్రక్కన తూకముండును. అందులో ఎవరి బిళ్ళ ఎంతకాలము ఎవరి రొమ్ముమీద నుండెనో తెలుపు గడి లేదు. ఇండ్లలోను ఇదే గతి. పాత ఇత్తడి తూచి క్రొత్త చెంబు కొనుట మనకు అలవాటు. ఆ చెంబులో తాతగారి సేవయు కరిగిపోవుచున్నది.

కావున మన సంఘమునందలి కుటుంబములకు నా విన్నపము. మీ పెట్టెలలో బిళ్ళగాని, బొత్తముగాని, పతకముగాని యున్నచో తూకమునకు వేయకుడు. చింతపండు, బూడిద పెట్టి తోమకుడు. తళతళలాడవచ్చును గాని తోమిన కొలది అక్షరము అరిగిపోవును. పొడి గుడ్డతో తుడిచి, నూలుగుడ్డలో చుట్టి, తడి తగులని చోట నుంచుడు. ఎనామిలు పలక యున్నచో క్రొత్త మేకు కొట్టకుడు, పొర పగులును. అన్నిటికంటె ముఖ్యముగా ఒక కాగితముపై ధరించినవారి పేరు, ఉద్యోగము, ఊరు, చేరిన యేడు, విరమించిన యేడు, బిళ్ళపైని అంకె వ్రాసి దానితో నుంచుడు. పెద్దలు జీవించియుండగానే అడిగి వ్రాయుడు. పేరు లేని బిళ్ళ మ్యూజియమునకు పోయినను ఇత్తడిగానే యుండును. పేరుతో కూడినది మన యింటి శాసనమగును.

తెలుగు మాటలాడుచు, కన్నడము చదివి, గండభేరుండమునకు నమ్మకముగా కొలువు చేసినవారు మన పూర్వులు. ఏ భాషను విడువలేదు, ఏ ఉప్పునకు ద్రోహము చేయలేదు. ఆ మాటకు సాక్ష్యము మన పెట్టెల అడుగున నున్నది. వచ్చు పండుగకు ఇల్లు దులుపునపుడు ఒకసారి చూడుడు.