అలరాజు రాయబారము

పల్నాటివీరుల కథ విననివారు మా రొంపిచెర్ల ప్రాంతమునఁ గానరారు. కోడిపోరు, చాపకూడు, బాలచంద్రుని శౌర్యము పిల్లలకును దెలిసినవే. కాని యుద్ధమునకు ముందు నడచిన రాయబారమునుగూర్చి యోచించువా రరుదు. కారెంపూడిలోఁ గార్తికమాసమున నయిదుదినములు జరుగు వీరారాధనలో నొకదినమునకు రాయబారమనియే పేరు. జనులు దానిని బండుగగాఁ జూచుచున్నారు. మేము దానిని రాజకార్యముగాఁ బరిశీలింపఁ దలఁచితిమి.

ఈ వృత్తాంతమునకుఁ బ్రధానాధారములు శ్రీనాథునిపేర వెలసిన ద్విపదకావ్యమును, వీరవిద్యావంతులు పాడు పాటలును. యుద్ధము 1180 ప్రాంతమున జరిగెనని చరిత్రకారులు చెప్పుదురు. కావ్యము అంతకు రెండువందలయేండ్లకుఁ బైబడి పుట్టినది. కావున నందలి సంభాషణలను శాసనములవలె నమ్మరాదు. సంఘటనల వరుసను మాత్రము గొంతవఱకు గ్రహింపవచ్చును.

గురిజాల నేలిన నలగామరాజును, మాచెర్ల నేలిన మలిదేవరాజును సవతితల్లుల బిడ్డలు. కోడిపోరున నోడిన మాచెర్లవా రేడేండ్లు దేశము విడిచిరి. గడువు తీరినపిదపఁ దమ రాజ్యము తమకిమ్మని యడుగుటకు వారు పంపినవాఁడు అలరాజు. ఇతఁడు కొమ్మరాజు కుమారుఁడు. నలగామునికి సాక్షాత్తు అల్లుఁడు. అల్లునిమాట మామ త్రోసివేయఁజాలఁడని మంత్రి బ్రహ్మనాయఁడు తలఁచియుండును. ఈ యెన్నికలో లోకజ్ఞానము లేకపోలేదు. కాని చుట్టఱికము రాయబారికి వాకిలి తెఱచునేకాని, లోపలఁ గార్యమును దానే సాధింపదు.

కౌటిల్యుఁడు దూతలను మూఁడు తెగలుగా విభజించెను: కార్యమంతయు స్వబుద్ధిచే నడపువాఁడు, మితమైన యధికారము గలవాఁడు, లేఖను మాత్రమే చేర్చువాఁడు. అలరా జేతెగవాఁడు? భారతమున ధర్మరాజు, అర్ధరాజ్యము రాకున్న నయిదూళ్లయినఁ జాలునని రెండవమెట్టొకటి యుంచుకొనెను. మేము వినిన కథలో నలరాజుచేతి కట్టి మె ట్టెవ్వరు నిచ్చినట్లు లేదు. ఇంతకుమించిన లోప మింకొకటి కలదు. ఏడేండ్లు స్వల్పకాలము కాదు. ఆ కాలమునఁ బొరుగురాజులను దమవంకకుఁ ద్రిప్పుకొనవలసినది మాచెర్లవారే. ఏలయనఁగా న్యాయము తమదని చెప్పుకొనినవారు వారే. యుద్ధము వచ్చునప్పటికిఁ బెక్కురాజులు నలగాముని పక్షముననే నిలిచిరని కథ. రాయబారి గురిజాల చేరకమునుపే మాచెర్ల సగ మోడిపోయినది.

గురిజాలవారి నడత యిఁక వేఱు. తిరుగుదారిలోఁ జర్లగుడిపాటియొద్ద నలరాజు విషప్రయోగమున మరణించెను. దూత యే కులమువాఁడైనను వధ్యుఁడు కాఁడని మన యర్థశాస్త్రము చెప్పినది; 1961లో వియన్నాయందు దేశము లొడంబడిన నియమమును దూతశరీరమునకు హాని కూడదనియే. అంతవఱకు నలగామునికి వాదించుకొనుట కేదో యొక సాకుండెను. విషముతో నదియు నశించినది. కథకులు నేరమంతయు నాయకురాలు నాగమ్మపై మోపుదురు. ఆమె ప్రేరేపణము నిజమేయనుకొందము. సింహాసనమునఁ గూర్చున్నవాఁ డెవ్వఁడు? మంత్రి పురుషుఁడైనపుడు రాజును నిందింతుము. మంత్రి స్త్రీయైనపుడు రాజు పసిబిడ్డయగునా?

అలరాజు భార్య పేరిందేవి సహగమనము చేసెను. దీనిని మహిమగాఁ బాడుదురు, మేము పాడలేము. చెన్నరాజధానిలో సహగమనమును నిషేధించు చట్టము 1830లోఁగాని రాలేదు. రాజనీతి దృష్టిచేతనైనను జూడుఁడు: ఆమె యొకవంక నలగాముని కూఁతురు, మఱియొకవంక మాచెర్లవారి కోడలు. ఉభయపక్షములకును నావల నిలిచి మాటాడఁదగినది యామెయే. ఆ నోటినిఁ జితిపైఁ బెట్టినవారు రెండుపక్షములవారును గలరు.

కారెంపూడియొద్ద నాగులేటిదరిని సేనలు దిగినపిదపఁ గూడ బ్రహ్మనాయఁడు సంధివంకనే మొగ్గెనఁట. అప్పటికిఁ గాలము మించినది. అలరాజు చావును దలఁచుకొని మండుచున్న పడుచువాండ్రకు సంధిమాట పిఱికిమాటగాఁ దోఁచెను. బ్రహ్మనాయని కుమారుఁడు బాలచంద్రుఁడే తండ్రిమాటను గాదని కదనమున కుఱికెను.