గుండెగోడకు పడుగుపేకలు

జడ్చర్ల స్టేషనులో కర్నూలు బండి యెక్కినచో గద్వాల చేరుదుము. ఆ యూరి నేతచీరలను మన పాలమూరు ప్రాంతమున నెరుగనివారు లేరు. నేతబట్ట నొకదానిని పడుగు వెంట లాగి చూడుడు, అంతగా సాగదు. ఐమూలగా లాగుడు, చక్కగా సాగును. బట్ట యొక్కటే, బిగువు మాత్రము దిక్కునుబట్టి మారును. మన గుండె కండరమును నట్టిదే. పోగుల వెంట నొక బిగువు, అడ్డముగా నొక బిగువు.

గుండె కండరమేయని 1664లో డెన్మార్కు దేశీయుడైన స్టెనో చాటెను. 1669లో ఆంగ్ల వైద్యుడు రిచర్డు లోయరు దాని పోగులు మెలికలు తిరిగియుండుటను వర్ణించెను. మూడువందల యేండ్లకు, 1969లో, స్ట్రీటరు మొదలగువారు కుక్కల గుండెలను పరీక్షించి, గోడ లోపలినుండి వెలుపలికి పోగుల వాలు క్రమముగా మారుటను కొలిచిరి. అవి నిర్జీవమైన గుండెలు.

బ్రతికియున్న గుండె బిగువు తెలియుటెట్లు? కొందరు వృద్ధులకు గుండె చక్కగనే ముడుచుకొనును. కాని గోడ బిగిసిపోయి, సడలవలసినప్పుడు సడలదు, రక్తము సరిగా నిండదు. నాలుగు మెట్లెక్కగానే ఆయాసము వచ్చును. గుండెలోని ఒత్తిడిని నేరుగా కొలువవలెనన్న రక్తనాళము గుండ సన్నని గొట్టమును లోనికి పంపవలెను.

ఈ చిక్కునకు అయస్కాంత యంత్రము దారి చూపెను. 1973లో లాటర్‌బరు దానితో తీసిన తొలి చిత్రములను ప్రకటించెను. 1994లో బాసరు మొదలగువారు, కణజాలములో నీరు ఏ దిక్కున సులువుగా వ్యాపించునో కొలిచి, పోగుల దారి తెలిసికొను మార్గమును చూపిరి. 1995లో అమెరికాలోని మేయో క్లినిక్కున ముత్తుపిళ్ళై, ఎహ్మన్ మొదలగువారు, కంపింపజేసిన పదార్థములో సాగు అలలను చిత్రించిరి. బిగువైనచోట అల వడిగా పోవును. 2010లో అరుణార్క్ కొలిపాక మొదలగువారు ఆరు పందులపై ఈ పద్ధతిని ప్రయోగించి, గుండె ముడుచుకొని సడలునంతసేపు బిగువు మారుటను కొలిచిరి. ఆ కొలత దిక్కులను వేరు చేయలేదు.

నీటివలన పోగుల దారియు, అలవలన బిగువును తెలిసినచో, రెంటిని కలిపి పోగుల వెంట బిగువెంతో, అడ్డముగా నెంతో చెప్పవచ్చును. శాస్త్రజ్ఞుల ప్రయత్నమిదియే. గుండె నిలకడలేక కొట్టుకొనును, గోడయు పలుచన. అందుచేత నీ కొలత యింకను పరిశోధనశాలలోనే యున్నది. నేతగాడు బట్టను లాగి పడుగేదో పేకయేదో చెప్పగలడు. వైద్యుడు గుండెలోనికి గొట్టము పంపకయే అట్లు చెప్పగలిగిననాడు, ఆయాసపడు వృద్ధుని యింటివారికి కారణము తెలియును.