మత్స్యగంధి వ్యథ

గౌతమీ వసిష్ఠల నడుమనున్న కోనసీమలో, అమలాపురమున నేమి రాజోలున నేమి, వేకువనే వేపపుల్లతోనో కచ్చికతోనో పండ్లు తోముకొని, భోజనానంతరము తాంబూలము సేవించుట తరతరముల ఆచారము. అయినను ఎంత తోమినను వీడని దుర్గంధ మొకటి కలదు. ఆ గోదావరీతీరముననే, రాజమహేంద్రవరమున, 11వ శతాబ్దిలో నన్నయభట్టు తెనిగించిన ఆదిపర్వమునందలి మత్స్యగంధి, యమునలో ఓడ నడపిన ఆ కన్య, చేపవాసనతోనే పెరిగి, పరాశరుని వరమున యోజనగంధి యైనది. వరము లభింపని సామాన్యుల మాట యేమి?

1970లో వైద్యలోకము వర్ణించిన ట్రైమిథైలమిన్యూరియా యను జన్యులోపము గలవారిలో, గ్రుడ్లు, కాలేయము, చిక్కుడుగింజల వంటి ఆహారమునుండి ప్రేగులలోని సూక్ష్మజీవులు పుట్టించు ట్రైమిథైలమీనును కాలేయపు ఎంజైము వాసనలేని పదార్థముగా మార్చజాలదు. చేపవాసన గల ఆ ట్రైమిథైలమీను ఊపిరిలో, చెమటలో, మూత్రములో వెలువడును. అట్టివారిని పండ్లు తోమవా యని నిందించుట ఘోరమైన అన్యాయము. సముద్రపు చేపలు తగ్గించి, స్వల్ప ఆమ్లగుణము గల సబ్బు వాడినచో కొంత ఉపశమనము కలుగును.