పార్టీని వదిలి ఎక్కిన కుర్చీ

స్పీకర్ మొదట్లో సభను నడిపేవాడు కాదు, సభ మాటను రాజుకు చేరవేసేవాడు. 1376లో ఇంగ్లండులో సభ తరఫున నోరు విప్పిన పీటర్ డి లా మేర్‌కు దక్కింది జైలు. మరుసటి ఏడాది థామస్ హంగర్‌ఫర్డ్‌తో స్పీకర్ అన్న పేరు రికార్డులకెక్కింది.

1642 జనవరి 4న మొదటి చార్లెస్ రాజు ఐదుగురు సభ్యులను పట్టుకుపోదామని సైనికులతో వచ్చాడు. వాళ్లెక్కడని అడిగితే స్పీకర్ విలియం లెంథాల్ మోకరిల్లి, సభ ఆజ్ఞ లేనిదే తనకు కళ్లూ లేవు, నాలుకా లేదన్నాడు. అలా రాజును కాదనడం వచ్చింది. మంత్రులకు దూరంగా ఉండటం అలవడేసరికి ఇంకో వందేళ్లు పట్టింది. 1728 నుంచి 33 ఏళ్లు స్పీకర్‌గా ఉన్న ఆర్థర్ ఆన్‌స్లో, 1742లో నౌకాదళ కోశాధికారి పదవిని వదులుకున్నాడు.

మన దేశంలో 1925లో కేంద్ర శాసనసభ అధ్యక్షుడైన విఠల్‌భాయ్ పటేల్ స్వరాజ్య పార్టీకి రాజీనామా చేశారు. లోక్‌సభ తొలి స్పీకర్ మావలంకర్ మాత్రం కాంగ్రెస్‌లోనే కొనసాగారు. తెగిన ఆ పోగును మళ్లీ ముడివేసింది అనంతపురం జిల్లా ఇల్లూరులో పుట్టిన నీలం సంజీవరెడ్డి.

1967లో హిందూపురం నుంచి గెలిచిన ఆయన, స్పీకర్ ఎన్నికలో ప్రతిపక్షాల అభ్యర్థి తెన్నేటి విశ్వనాథాన్ని ఓడించారు. గెలిచాక, 34 ఏళ్లుగా ఉన్న కాంగ్రెస్‌కు రాజీనామా చేశారు. కాంగ్రెస్ మెజారిటీ బాగా తగ్గిన సభ అది. రాష్ట్రపతి ప్రసంగం జరిగిన రోజునే అవిశ్వాస తీర్మానాన్ని చర్చకు అనుమతించడం సంజీవరెడ్డి హయాంలోనే మొదలు.

అయితే 1969లో రాష్ట్రపతి పదవికి కాంగ్రెస్ అభ్యర్థిగా నిలబడేందుకు ఆయనే స్పీకర్ కుర్చీ దిగారు, వి.వి. గిరి చేతిలో ఓడారు. 1977లో జనతా పార్టీ తరఫున నంద్యాలలో గెలిచి మళ్లీ స్పీకరయ్యారు. కొన్ని నెలలకే ఏకగ్రీవంగా రాష్ట్రపతి అయ్యారు.

1985లో వచ్చిన ఫిరాయింపుల నిరోధక చట్టం, స్పీకర్‌గా ఎన్నికైనవారు పార్టీని వదిలినా సభ్యత్వం పోదని రాసింది. కానీ రాజీనామా తర్వాత వచ్చే ఎన్నికల సంగతి అందులో లేదు. బ్రిటన్‌లో స్పీకర్ మీద పెద్ద పార్టీలు సాధారణంగా పోటీ పెట్టవు. ఇక్కడ ఆయన మళ్లీ ఏదో ఒక పార్టీ టికెట్ అడగాల్సిందే. కుర్చీని తెచ్చుకున్నాం గానీ, దానికి కాపుగా ఉండే ఒప్పందాన్ని తెచ్చుకోలేదు. అది కుదిరేదాకా నిష్పక్షపాతం కూర్చున్న మనిషి తెగువను బట్టే ఉంటుంది.