వాన రాని ఏటి శిస్తు

వాన పడకపోతే ఆ నష్టం ఎవరిది? అనంతపురం సీమలో సంపద పంపిణీని గురించిన చర్చ ఎక్కడ మొదలైనా ఈ ప్రశ్న దగ్గరకే వచ్చి ఆగుతుంది. ఏడాదికి సగటున 55 సెంటీమీటర్ల వాన. అదీ అదనుకు రాదు.

1800లో నిజాం ఈ ప్రాంతాన్ని ఈస్టిండియా కంపెనీకి ధారాదత్తం చేశాడు. ప్రధాన కలెక్టరుగా వచ్చిన థామస్ మన్రో పొలం పొలమూ కొలిపించి శిస్తును రూపాయల్లో కట్టించాడు. మొత్తం ఫలసాయంలో అది ఇంచుమించు 45 శాతం. మోయరాని భారమని గ్రహించినవాడూ ఆయనే. అన్ని భూములకూ 25 శాతం, బావి కింది సాగుకు 33 శాతం తగ్గించాలని 1807లో సిఫారసు చేశాడు. పైవారు వినలేదు సరికదా, రైత్వారీనే తీసివేసి గ్రామాలను ముందు మూడేళ్లకు, పిమ్మట పదేళ్లకు గుత్తకిచ్చారు. మన్రో 1820లో మద్రాసు గవర్నరైన తరువాతగాని ఆ తగ్గింపు అమలు కాలేదు.

బావి కింది భూమికి ఎక్కువ తగ్గింపు దేనికి? కపిలి తోలే రైతు ఎద్దులను మేపాలి, మోకులు కొనాలి, పొద్దంతా చాకిరీ చేయాలి. ఈ న్యాయం మన పాఠకులకు కొత్తది కాదు. వాననీటి పంటపై పదో వంతు, తోడిపోసిన పంటపై ఇరవయ్యో వంతు ఉష్ర్ అని దైవప్రవక్త (సఅసం) నిర్ణయించి అప్పటికి దాదాపు పన్నెండు శతాబ్దాలు. ఖలీఫా హారూన్ రషీద్ కోసం ‘కితాబుల్ ఖరాజ్’ రాసిన ఖాజీ అబూయూసుఫ్ (మరణం 798) కూడా ఇరాక్‌లోని సవాద్ భూములలో పారే నీటి గోధుమ, బార్లీలకు ఐదింట రెండు వంతులు, తోడిన నీటి పైరుకు పదింట మూడు వంతులు చాలునన్నారు.

ఈ పోలిక చూసి మురిసిపోతే అసలు భేదం మరుగున పడుతుంది. అబూయూసుఫ్ అడిగింది పంటలో వంతు. మన్రో కట్టింది పొలానికింత అనే పైకం. సవాద్‌లో కొలతను బట్టి ఖరాజ్ విధించినది సాక్షాత్తు హజ్రత్ ఉమర్ (రజి). అయినా దానిని మార్చమని చెప్పడానికి అబూయూసుఫ్ వెనుదీయలేదు: ఆనాడు బీడు తక్కువ, ఇప్పుడు పాడుపడిన నేల ఎక్కువ గనుక. వంతు పద్ధతిలో పంట ఎండితే సర్కారు పాలూ ఎండుతుంది. చిక్కల్లా కళ్లం దగ్గర ఉద్యోగి చేతివాటం. అందుకే ఉజ్జాయింపు లెక్కలు కూడదని ఆయన హెచ్చరించారు.

పైకం శిస్తులో మాఫీ అధికారి దయ. హిజ్రీ 18లో కరువు వచ్చినప్పుడు హజ్రత్ ఉమర్ (రజి) జకాత్ వసూలునే వాయిదా వేశారని చరిత్ర చెబుతోంది.

కౌళ్లలో నేటికీ ఈ రెండు దారులే: గుత్త, కోరు. కోరులో భూస్వామీ నష్టం పంచుకుంటాడు. మన మస్జిదుల ఈనాం భూములు చాలాచోట్ల వేలంలో గుత్తకే పోతున్నాయి. వాన రాని ఏడు వాటి కౌలు ఎంత? పాడిన పాటంత.