చెత్త ఎవరి ఆస్తి?

మునిసిపల్ ఉత్తర్వులను చరిత్రగా చదివే అలవాటు మనలో తక్కువ. రాజుల శాసనాలకున్న గౌరవం చెత్తబుట్ట శాసనానికి దక్కదు. కాని ఒక నగరంలో ఎవరు ఎవరి శ్రమపై బతికారో తెలుసుకోవాలంటే రెండోదే ఎక్కువ పనికివస్తుందని నా అభిప్రాయం.

ఇళ్లలోని చెత్తను వేరుచేసి పెట్టాలన్న నియమం నిన్నమొన్నటిదని చాలామంది అనుకుంటారు. 1883 నవంబరు 24ననే పారిస్ పాలనాధికారి యూజేన్ పూబెల్ అటువంటి ఉత్తర్వు జారీచేశాడు. ప్రతి భవనం యజమానీ తన అద్దెదారుల కోసం మూతగల పెట్టెలు ఏర్పాటు చెయ్యాలి. కుళ్లిపోయేవాటికి ఒకటి, కాగితాలకూ గుడ్డపీలికలకూ ఒకటి, గాజుకూ పింగాణీ ముక్కలకూ ఆల్చిప్పలకూ ఒకటి. ఒకే కప్పు కింద అనేక కాపురాలున్న ఊరు కనుక బాధ్యత యజమానిపై పెట్టారు. ఖర్చు తమ నెత్తిన పడిందని వాళ్లు మండిపడ్డారు. పత్రికలు వెక్కిరింతగా ఆ పెట్టెలకు అధికారి పేరే పెట్టాయి. ఫ్రెంచి భాషలో ఈనాటికీ 'పూబెల్' అంటే చెత్తబుట్టే. (అర్థవిపరిణామం పాఠంలో నా విద్యార్థులు నిద్రపోని ఉదాహరణల్లో ఇదొకటి.)

యజమానులు గోలపెట్టారు గాని, అసలు దెబ్బ తగిలింది వాళ్లకు కాదు. అంతవరకు చెత్త వీధిలో కుప్పగా పడేది. వీపున బుట్ట, ఒక చేత లాంతరు, ఒక చేత కొక్కెం పట్టుకుని, రాత్రివేళ ఆ కుప్పలను గాలించి వేలాదిమంది పొట్టపోసుకునేవారు. పీలికలు కాగితపు మిల్లులకూ, ఎముకలు జిగురుకూ బొత్తాములకూ పోయేవి. 1828 నుంచే పోలీసులు వీళ్లకు బిళ్లలిచ్చి లెక్కలో ఉంచుకున్నారు. 1857లో అచ్చయిన బోదలేర్ సంపుటిలో వీళ్లమీద ఒక కవిత కూడా ఉన్నది. పోలీసులకూ కవికీ తెలిసిన ఈ మనుషుల బతుకుతెరువు మూతపెట్టె రాకతో ఇరకాటంలో పడింది. పెట్టె బయటికి రావడానికీ బండి దాన్ని ఎత్తుకుపోవడానికీ మధ్యనున్న కాస్త వ్యవధిలోనే వీళ్లు బతకాలి!

వాళ్లు ఊరుకోలేదు. ఆందోళన చేశారు. చివరకు, బండి వచ్చేలోగా పెట్టెను ఒక గుడ్డ మీద గుమ్మరించి, ఏరుకుని, మిగిలినది తిరిగి పెట్టెలో వేసే వెసులుబాటు సంపాదించారు. మూడు పెట్టెల నిబంధన మాత్రం ఆచరణలో నిలవలేదు. నన్నడిగితే, ఇంట్లో చెయ్యవలసిన పనిని ఆ మహానగరం వీధిలో పరిచిన గుడ్డ మీదకు నెట్టివేసింది. కూలి మాత్రం ఇవ్వలేదు. అయితే తప్పంతా పెట్టెమీదే మోపడం న్యాయం కాదు. అదే కాలంలో కాగితానికి కొయ్యగుజ్జు వచ్చి పీలికల గిరాకీని తినివేస్తున్నది.

నూటముప్పై యేళ్ల తర్వాత, 2016లో మన దేశంలో వచ్చిన ఘనవ్యర్థాల నియమాలు కూడా మూడు భాగాలే అడిగాయి: తడి, పొడి, ఇళ్లలోని ప్రమాదకరమైన చెత్త. 5,000 చదరపు మీటర్లకు మించిన గేటెడ్ సముదాయాలూ, సంస్థలూ, నివాసుల సంఘాలూ, మార్కెట్ సంఘాలూ పనికివచ్చే సరుకును అధికృత చెత్త ఏరేవారికి గాని, అధికృత రీసైక్లర్లకు గాని అప్పగించాలన్నాయి. చెత్త ఏరేవారి సంఘాలను గుర్తించి, తమ వ్యవస్థలో చేర్చుకోవలసిన బాధ్యతను స్థానిక సంస్థలమీద పెట్టాయి. పూబెల్ ఉత్తర్వు పక్కన పెట్టి చూస్తే ఇది ముందడుగే, సందేహం లేదు.

కాని తెలుగు చదువుకున్నవాణ్ణి కనుక, ఆ 'గాని' దగ్గర ఆగకుండా ఉండలేను. వ్యాకరణంలో దానికిరువైపుల ఉన్నవి సమానం. వీధిలో కాదు. ఒకవైపు లారీ, కాంటా, గోదాము, ఒప్పందపత్రం, ఇంకొకవైపు గోనెసంచి. ఎవరికివ్వాలో ఎంచుకునేది నివాసుల సంఘం. నాకు తెలిసిన ఒక అపార్టుమెంటులో, ఏళ్ల తరబడి గోనెసంచితో వస్తున్న ఆమెను గేటు దగ్గరే ఆపివేసి, అట్టపెట్టెలూ సీసాలూ ఒక కాంట్రాక్టరుకు అప్పగించారు. అతను అధికృతుడే, నియమం ఎక్కడా ఉల్లంఘన కాలేదు. తడిచెత్త డబ్బాలు కడిగే పని కావాలంటే రమ్మని ఆమెకు కబురుచేశారు.