పెర్కొలేటర్ వేరు, మన ఫిల్టర్ వేరు

బెంగళూరులో స్థిరపడిన మన ఇళ్ళల్లో కొందరు పెద్దవాళ్ళు ఇత్తడి ఫిల్టర్‌నే పెర్కొలేటర్ అనేస్తారు. రెండూ ఒకటి కాదండీ. ఇప్పుడు మనం చూసే పొయ్యిమీది పెర్కొలేటర్‌కి 1889లో అమెరికాలో, ఇల్లినాయ్ రైతు హాన్సన్ గుడ్రిచ్ పేటెంటు తీసుకున్నాడు. అందులో మరిగే నీళ్ళు నడిమి గొట్టంలోంచి పైకెగసి పొడిమీద పడతాయి, కిందికి దిగి మళ్ళీ ఎగుస్తాయి. అంటే దిగిన డికాషనే మళ్ళీ మళ్ళీ కాగుతుందన్నమాట. కాస్త ఏమరితే చేదు! అయినా అడవిలో మంటమీద పెట్టుకోవడానికి బాగానే పనికొస్తుంది, వడగట్టే గుడ్డా కాగితమూ అక్కర్లేదు.

మన ఫిల్టర్ పొయ్యెక్కదు. కాగిన నీళ్ళు పోస్తే ఒక్కసారే, నిదానంగా దిగుతాయి. చికోరీ కలిపిన చిక్కమగళూరు మెత్తటి పొడికి అదే సరి. ఆ పొడి పెర్కొలేటర్‌లో వేస్తే చిల్లుల్లోంచి జారి కప్పులో మడ్డి మిగులుతుంది. అమెరికాలో పెర్కొలేటర్ కొనుక్కున్న పిల్లలకి పంపేటప్పుడు బరకగా పట్టించండి. అవ్వ ఫిల్టర్ని మాత్రం పాత సామాన్లకి వెయ్యకండి, అడిగేవాళ్ళు ఇంట్లోనే ఉంటారు.